టీసీ తీసుకోని పిల్లలు



నేను రిటైరయిన హైస్కూల్లో, ఆఫీసు గదిలో, గోడవారగా ఒక ఇనప బీరువా ఉండేది. దాని తలుపు పట్టేసేది. తెరవాలంటే హ్యాండిల్ పైకెత్తి, మోకాలితో ఒక్క తోపు తోయాలి. ఆ కిటుకు మా అటెండరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అడుగు అరలో అడ్మిషన్ రిజిస్టర్లు. అట్టలు ఊడిపోయి, గుడ్డతో కట్టిన కట్టలు. ఒక్కో వరుసలో ఒక్కో పిల్లవాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, చేరిన తరగతి. చిట్టచివర రెండు గళ్ళు. ఒకటి బడి విడిచిన తేదీ, రెండోది టీసీ నంబరు.

హెడ్మాస్టరుగా చేరిన మొదటి వేసవిలో, పని లేక, ఆ కట్టలు విప్పి చూశాను. టెన్త్ పాసై వెళ్ళినవాళ్ళ వరుసల్లో ఆ రెండు గళ్ళూ నిండి ఉన్నాయి. మిగిలిన చాలా వరుసల్లో ఖాళీ. పేజీ తిప్పితే మళ్ళీ ఖాళీ. ఆ పిల్లలు బడి విడిచినట్టు ఎవరూ రాయలేదు. వాళ్ళూ వచ్చి అడగలేదు. ఒకరోజు రాలేదు, మర్నాడు రాలేదు, ఆ తర్వాత రానే లేదు. హాజరు పట్టీలో కొన్నాళ్ళు ఆబ్సెంటు పడింది. కొత్త సంవత్సరం పట్టీలోకి పేరు ఎక్కలేదు. అంతే.

ఈ పావుగంటా ఆ ఖాళీ గళ్ళ గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

చదువు ఆగడానికి మన భాషలో ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయి. వాడు చదువు మానేశాడు అంటాం. పిల్లను బడి మాన్పించారు అంటాం. వాళ్ళ నాయన పోయాక చదువు ఆగిపోయింది అంటాం. మొదటి మాటలో తప్పు పిల్లవాడిది. రెండో మాటలో ఇంటివాళ్ళది. మూడో మాటలో ఎవరిదీ కాదు, కాలానిది. ఒకే ఇంట్లో, ఒకే సంగతికి, భార్యాభర్తలు చెరొక మాట వాడడం నేను చెవులారా విన్నాను. "మేమే మాన్పిస్తిమి సార్" అని తల్లి. "అదే మానేసింది, మేమేం చేద్దుము" అని తండ్రి. పిల్ల ఏమందంటారా? తలుపు చాటున నిలబడింది, ఏమీ అనలేదు. సర్కారు లెక్కల్లో మాత్రం అందరూ ఒకటే, డ్రాపౌట్లు. బడి మానేసిన పిల్లలు. నాకు ఆ పేరు మీద పేచీ ఉంది. ముప్పై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో, తమంతట తాము ఇష్టపడి మానేసిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

మాది కర్నూలు జిల్లా పడమటి పక్క. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు. అక్కడ దీపావళి దాటిందంటే "సుగ్గికి పోతాండాం సార్" అనే మాట మొదలవుతుంది. సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల పండగ. సరిహద్దు ఊళ్ళు కాబట్టి ఆ మాట మాకూ వచ్చింది. వచ్చి, అర్థం మార్చుకుంది. మాకు సుగ్గి అంటే వలస. వానాధారపు చేలలో పని అయిపోతే మళ్ళీ వానల దాకా ఊళ్ళో పని ఉండదు. గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కుతాయి. సామాన్లు, చాపలు, బియ్యం మూట, వాటి మధ్య పిల్లలు. ముసలివాళ్ళు మాత్రం ఇంటి ముందు అరుగు మీద మిగులుతారు. ఏడేళ్ళ పిల్ల ఎందుకు వెళ్ళాలీ అంటే, చంటివాణ్ణి చూసుకోవడానికి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఎందుకూ అంటే, వాడి చేతికీ ఎంతో కొంత కూలి వస్తుంది.

మళ్ళీ ఉగాది దగ్గరికి వస్తారు. ఆ పిల్లవాడు బడికి రాడనుకునేరు, వస్తాడు. చొక్కా ఉతుక్కుని మరీ వస్తాడు. వచ్చి వెనక వరుసలో కూర్చుంటాడు. అప్పటికి లెక్కల పుస్తకంలో సగానికి పైగా అయిపోయి ఉంటుంది. మాస్టారు బోర్డు మీద సమీకరణం వేసి, నాలుగు నెలల తర్వాత కనిపించాడు కదా అని పలకరింపుగానే, "నువ్వు చెప్పురా" అంటాడు. వాడికి తెలియదు. పక్కవాడు నవ్వుతాడు. మర్నాడు వాడు రాడు. చూశారా, ఎవరూ వాణ్ణి వెళ్ళగొట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ పలకరించిన మాస్టారు నేనే కాబట్టి ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

వలస వెళ్ళేవాళ్ళ పిల్లల్ని ఊళ్ళోనే ఉంచి, బడి దగ్గరే తిండీ పడకా పెట్టే సీజనల్ హాస్టళ్ళు వచ్చాయి. మంచి ఆలోచన. కాకపోతే లారీలు కదలక ముందే హాస్టల్ మొదలవ్వాలి. లారీ వెళ్ళాక వండిన అన్నం ఎవరు తింటారు?

ఆడపిల్లల సంగతి ఇంకో తీరు. నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. ఆ పనికి పేరు క్రాసింగ్. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకోవాలి. గోటితో దాని రేకులు, లోపలి పుప్పొడి కాడలు గిల్లేయాలి. మధ్యలో కీలం మాత్రం విరగకుండా మిగలాలి. మర్నాడు పొద్దున్నే మగ రకం మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇలాగే చెయ్యాలి, చేను చేనంతా, నెలల తరబడి. చిన్న వేళ్ళయితే పువ్వు నలగదని, మొక్క ఎత్తుకు పిల్లలయితే నడుము వంచక్కర్లేదని ఆడపిల్లల్ని పెట్టుకునేవారు. పంటకు ముందే తల్లిదండ్రుల చేతికి అడ్వాన్సు ముట్టేది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. దాని బొటనవేలి గోరు అంచు ఎప్పుడూ చీలి, ఆకుపచ్చగా మరక పట్టి ఉండేది. కలం పట్టుకుంటే ఆ వేలే ముందు కనపడేది. చేతిరాత ముత్యాలు పేర్చినట్టుండేది. ఆ పిల్ల వరుసలో కూడా చివరి రెండు గళ్ళు ఖాళీయే.

చట్టం లేదా అంటే ఉంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వరకూ చదువు ప్రాథమిక హక్కు. అందులో చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. బడి మధ్యలో ఆగిన పిల్లను తిరిగి చేర్చుకునేటప్పుడు వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడిన చదువుకు విడిగా శిక్షణ ఇవ్వాలి. పదకొండేళ్ళవాణ్ణి తీసుకెళ్ళి రెండో తరగతిలో కూర్చోబెడితే వాడు వారం కూడా ఉండడు, సిగ్గుతో పారిపోతాడు. ఆ సిగ్గును చట్టం గుర్తించింది. ఇక రెండోది, టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు.

ఈ చట్టం రాకముందే రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు ఈ పని చేసి చూపించారు. 1991 నుంచీ, పనిలో ఉన్న పిల్లల్ని బయటికి తీసుకొచ్చి, శిబిరాల్లో ఉంచి, బ్రిడ్జి కోర్సు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. ఆమె వాదన సూటిగా ఉండేది. బడిలో లేని పిల్ల ఎక్కడున్నా, ఇంట్లో ఉన్నా సరే, బాలకార్మికురాలి కిందే లెక్క. ఆ మాట విని మొదట్లో నేను కాస్త అతి అనుకున్నాను. తలుపు చాటున నిలబడ్డ పిల్ల గుర్తొచ్చాక అతి అనిపించలేదు.

కానీ చట్టం మన చెయ్యి పద్నాలుగేళ్ళ దగ్గర వదిలేస్తుంది. మన పిల్లలు ఎక్కువగా జారిపోయేదేమో తొమ్మిది, పది తరగతుల దగ్గర. మరి ఆ తర్వాత?

ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం మొదలుపెడితే, నచ్చక, బడికే వెళ్ళనంది. ఇంగ్లీషు మీడియం లేదని పిల్లల బడి మార్చే మనకు ఇది వింతగానే ఉంటుంది. ఇంట్లో ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని ఆడపిల్లలకు హిందీ బడి పెట్టింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూని ఆపిన వాలంటీరు పిల్ల ఈమే. ఈ ముచ్చట అందరికీ తెలుసు. దుర్గాబాయి దేశ్‌ముఖ్.

నన్ను పట్టుకున్నది ఆ ముచ్చట కాదు, ఆ తర్వాతి సంగతి. ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్ళి జైళ్ళు చూసి బయటికి వచ్చేసరికి ఆమెకు ఇరవై దాటి నాలుగేళ్ళయింది. ఊరూరా పేరున్న మనిషి, సభల్లో మాట్లాడితే జనం కదిలేవారు. చేతిలో మాత్రం మెట్రిక్ కూడా లేదు. అప్పుడు రాజకీయాలు పక్కనపెట్టి పుస్తకాల ముందు కూర్చుంది. బడికి వెళ్ళకుండా చదువుకున్నవాళ్ళను కూడా బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చోనిచ్చేది. అది రాసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. రాజ్యాంగ సభలో కూర్చుంది. ఒకప్పుడు తానే వద్దన్న ఇంగ్లీషులోనే ఈ పై చదువులన్నీ చదవాల్సి వచ్చిందని గమనించండి.

ఆమె తనకు దొరికిన సందులోంచి తాను దాటుకుని వెళ్ళిపోలేదు. 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభలో, చదువు ఆగిన ఆడవాళ్ళను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలయింది. 1958లో ఆ బోర్డు ద్వారా వయసు దాటిన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. ఎన్నేళ్ళో పట్టే బడిచదువును కొద్దికాలంలో చెప్పి, పరీక్షకు కూర్చోబెట్టే పద్ధతి. బడి మానేసిన మనిషే దేశంలో బడి మానేసినవాళ్ళకు దారి వేసింది.

ఆ దారి మన తెలుగు నేల మీద ఇంకా సాగింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, దేశంలో అదే మొదటిది. ఇవాళ అంబేద్కర్ పేరుతో ఉంది. దానికి మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో దేశమంతటికీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, దానికీ మొదటి వైస్ చాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు. బడిచదువు విషయానికొస్తే 1989లో జాతీయ స్థాయిలో ఓపెన్ స్కూల్ వచ్చింది. 1991లో మన రాష్ట్రానికి సొంతంగా వచ్చింది. తెలంగాణ వేరుపడ్డాక ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ చెరొకటి.

నేను ఒక ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్‌కు కోఆర్డినేటర్‌గా కొన్నేళ్ళు చేశాను. ఆదివారాలు క్లాసులు. మామూలు రోజుల్లో ఆరో తరగతి పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆ రోజు మీసాలొచ్చినవాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు. బెంచీలు ఇరుకయ్యేవి.

ఒక ఏడాది వానాకాలంలో, అడ్మిషన్లప్పుడు, ఒకావిడ వచ్చింది. ముప్పై మూడేళ్ళు ఉంటాయి. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడి తల్లి. వాడి గురించి ఏదో ఫిర్యాదు అనుకుని, "వాడు బాగానే ఉన్నాడులేమ్మా" అన్నాను.

"వాని కోసం రాలేదు సార్" అంది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉంది. "నేనూ ఈ బళ్ళోనే సదివినా. తొమ్మిదిలో ఇడ్సిపెట్టినా. టెన్తు రాయాలంటే ఏదో కాయితం కావల్లంట గదా?"

అంగన్‌వాడీలో హెల్పరుగా చేస్తోంది. కార్యకర్త కావాలంటే టెన్త్ ఉండాలి. అదీ సంగతి.

అటెండరు బీరువా దగ్గరికి వెళ్ళి మోకాలితో తోశాడు. కట్టలు దించాం. ఆవిడ చెప్పిన సంవత్సరం పట్టుకుని వెతికితే అరగంటకు దొరికింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. చివరి రెండు గళ్ళు ఖాళీ. పుస్తకం ఆవిడ వైపు తిప్పి వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇంగా నా పేరు కొట్టెయ్యలేదా సార్?"

కొట్టెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ రిజిస్టరు ప్రకారం ఆవిడ మా బడి పిల్లే. సుగ్గికి వెళ్ళింది, ఇంకా రాలేదు, అంతే. ఇన్నేళ్ళు ఆ ఖాళీ గళ్ళను నేను మా బడి నిర్లక్ష్యంగా చూస్తూ వచ్చాను. ఆ రోజు అటెండరు ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

టీసీ రాశాం. సంతకం పెట్టమంటే తడుముకోకుండా పెట్టింది. పొదుపు సంఘం పుస్తకంలో పెట్టీ పెట్టీ చెయ్యి తిరిగిపోయింది. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు, ఓపెన్ స్కూల్లో లెక్కలకు బదులు ఇంకో సబ్జెక్టు తీసుకునే వీలుందమ్మా, గృహవిజ్ఞానం తీసుకో, సులువు అన్నాను. ఒప్పుకోలేదు. "మావాడు లెక్కలంటేనే ఏడుస్తాడు సార్. వాడూ నేనూ కలిసి ఏడుస్తాం" అంది. మొదటిసారి మూడు సబ్జెక్టులు పోయినాయి, రెండు నిలిచినాయి. పాసైనవి మళ్ళీ రాయక్కర్లేదు. అది ఓపెన్ స్కూల్లో పెద్ద వెసులుబాటు. చేరినాక కొన్నేళ్ళ పాటు, కొంచెం కొంచెంగా తెగ్గొట్టుకోవచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్లో అయితే ఆ గడువు ఐదేళ్ళు. ఆవిడకు రెండేళ్ళు పట్టింది. లెక్కల్లో సరిగ్గా ముప్పై ఐదు. ఇంకా హెల్పరుగానే ఉంది, వాళ్ళ ఊళ్ళో కార్యకర్త పోస్టు ఖాళీ పడలేదు. కొడుకుకు మాత్రం లెక్కల్లో డెబ్బై పైన వచ్చింది.

ఇంత పట్టుబట్టి ఆ టెన్త్ కాగితం ఎందుకూ అని అడిగేవాళ్ళుంటారు. పని వచ్చినవాడికి పని దొరుకుతుంది, నిజమే. మా ఊళ్ళో ఏడో తరగతితో ఆగిన మెకానిక్, ట్రాక్టరు శబ్దం విని రోగం చెబుతాడు. నా జీతం కన్నా ఎక్కువే సంపాదించాడు. సరుకు బండ్లు నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధన కూడా 2019లో తీసేశారు. కానీ అదే మెకానిక్ కువైట్ వెళ్దామని పాస్‌పోర్టు తీసుకుంటే, టెన్త్ లేదు కాబట్టి ఈసీఆర్ ముద్ర పడింది. అంటే గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే విడిగా ప్రభుత్వ అనుమతి కావాలి. టెన్త్ పాసైనవాడికి ఆ బెడద లేదు. చేతిలో ఉన్న పనితనం విమానాశ్రయంలో కనపడదు కదా.

కాలేజీ మధ్యలో మానేసినవాళ్ళ గురించి చెప్పకపోతే నా ప్రసంగం సగమే. వాళ్ళ బాధ వేరు. బడి మానేసిన పిల్ల సంగతి ఊరందరికీ తెలుసు. బీటెక్ మానేసిన కుర్రవాడి సంగతి ఇంట్లోవాళ్ళకే తెలియదు.

మా బంధువుల్లో ఒక అబ్బాయి. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. ఇంటర్‌లో మార్కులొచ్చాయి, అందరూ చేరారు కాబట్టి ఇంజనీరింగ్‌లో చేర్చారు. మొదటి ఏడే లెక్కలు పోయాయి. రెండో ఏడు బ్యాక్‌లాగులు ఆరు దాటాయి. క్రెడిట్లు చాలక డిటెయిన్ చేశారు. ఇంట్లో చెప్పలేదు. దాదాపు ఏడాది పాటు పొద్దున్నే టిఫిన్ కారియర్ పట్టుకుని బస్సెక్కేవాడు. బస్టాండులో దిగి, అక్కడే కూర్చుని, మధ్యాహ్నం ఆ అన్నం తిని, సాయంత్రం అదే బస్సులో ఇంటికి. తల్లి పొద్దున ఐదింటికి లేచి వండేది. కారియర్ ఖాళీగా వస్తే సంతోషపడేది.

ఈ దాపరికం కొత్తదేమీ కాదు. గణిత మేధావి రామానుజన్ కుంభకోణం కాలేజీలో లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోక, స్కాలర్‌షిప్పు పోగొట్టుకుని, 1905లో ఇంట్లోంచి పారిపోయి విశాఖపట్నం దారి పట్టాడు. మన రాజమండ్రిలో నెల రోజుల దాకా ఉన్నాడంటారు. తర్వాత మద్రాసులోనూ ఎఫ్.ఏ. పరీక్ష, అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, పోయింది. ఆఖరికి 1912లో పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా. అందరూ రామానుజన్‌లు అవుతారని నేను చెప్పడం లేదు. చదువు మానేసిన కోటీశ్వరుల ఫొటోలు ఫోన్లలో తిరుగుతుంటాయి, అవి చూస్తే నాకు చిరాకు. బిల్ గేట్స్ మానేసింది హార్వర్డ్. ఆయన తండ్రి లాయరు. మన కిరాణా కొట్టాయన కొడుకు మానేసిన కాలేజీ వేరు, వెనక్కి పడితే పట్టుకునే చెయ్యి వేరు. నేను చెప్పేది ఒక్కటే, అంత బుర్ర ఉన్నవాడు కూడా ఇంట్లో చెప్పలేకపోయాడు.

మా బంధువుల అబ్బాయి సంగతి ఒక పండగనాడు బయటపడింది. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కారియర్ వాడి చేతిలోంచి తీసుకుని, "ఇంట్లోనే తిను" అన్నాడట. అంతకన్నా పెద్ద మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. తర్వాత వాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరాడు. రెండేళ్ళ కోర్సు, తనకన్నా నాలుగేళ్ళు చిన్నవాళ్ళ పక్కన. ఇప్పుడు ఓర్వకల్లు వైపు సోలార్ పలకల దగ్గర పని. కరెంటు శాఖలో లైన్‌మన్ పోస్టులు పడితే రాస్తానంటాడు. దానికి టెన్త్, ఐటీఐ చాలు. వాడి బీటెక్ రెండేళ్ళు ఎక్కడా లెక్కలోకి రాలేదు. అక్కడే నాకు బాధ.

2020 జాతీయ విద్యావిధానం ఈ బాధను కొంత పట్టించుకుంది. డిగ్రీ ఒక ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, సంపాదించిన క్రెడిట్లు దాచుకునే బ్యాంకు, వీలైనప్పుడు తిరిగి చేరే వీలు. కాగితం మీద బాగుంది. కానీ ఆ డిప్లొమా పట్టుకెళ్తే పని ఇచ్చేవాడు దాన్ని డిప్లొమాగా చూస్తాడా, సగం తెగిన బీటెక్‌గా చూస్తాడా? నేను రెండోదే చూశాను. అది మారడానికి చట్టం చాలదు, టైం పడుతుంది.

ఇంకో రెండు సంగతులు గబగబా చెప్పేస్తాను. మధ్యలో మానేసిన పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకుని, మిగతా ఏళ్ళ ఫీజు కూడా కట్టమని కూర్చుంటాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. భయపడకండి, రాతపూర్వకంగా అడగండి. ఇక కరెంటు స్తంభాల మీద కాగితాలు చూస్తుంటారు. టెన్త్ ఫెయిలా, ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ అని. ఒకే సిట్టింగ్‌లో అయ్యేది పెళ్ళిచూపులు, డిగ్రీ కాదు. అక్కడ డబ్బు కట్టినవాళ్ళు మా సెంటర్‌కు వచ్చి, ఆ నకిలీ మెమో నా బల్ల మీద పెట్టి, ఇది చెల్లుతుందా సార్ అని అడిగిన రోజులున్నాయి. చెల్లదు అని చెప్పడం హెడ్మాస్టరుగా నాకు అన్నిటికన్నా కష్టమైన పని.

పుండు మానింది అంటాం, చదువు మానాడు అంటాం. రెండింటికీ ఒకే క్రియ ఎందుకొచ్చిందో భాషావేత్తలు చెప్పాలి. నేను పంతులునే గానీ అంత లోతుకు పోలేను. పుండు గట్టిగా కట్టుకట్టి దాచిపెడితే మానదని మాత్రం తెలుసు.

వింటున్నవాళ్ళలో ఎప్పుడో ఎక్కడో చదువు ఆగినవాళ్ళు తప్పకుండా ఉంటారు. వయసు ముప్పై అయినా, యాభై అయినా సరే. మీరు చదివిన బడికి ఒకసారి వెళ్ళండి. టీసీ గానీ, చిన్న తరగతుల్లో ఆగితే రికార్డ్ షీట్ గానీ అడగండి. ఏ ఏడాది చేరారో, ఏ తరగతిలో ఆగారో, మీ నాన్నగారి పేరు, గుర్తున్నంత వరకూ ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి, వెతకడం తేలికవుతుంది. పెళ్ళయి ఇంటిపేరు మారినవాళ్ళు పాత ఇంటిపేరు చెప్పండి. ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు మామూలుగా వానాకాలంలో ఉంటాయి. ఫీజులు, తేదీలు ఏటేటా మారతాయి, దగ్గరి స్టడీ సెంటర్‌లో కనుక్కోండి. బడి ముఖమే చూడనివాళ్ళకు కూడా పుట్టిన తేదీ ధ్రువపత్రంతో దారి ఉంది.

రిజిస్టరు లేదు, బీరువా తెరుచుకోవడం లేదు అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి. హ్యాండిల్ పైకెత్తి, మోకాలితో ఒక్క తోపు తోయమనండి.